మాడ్యూల్ నంబర్లూ, మనుషుల కోడ్లూ

ఇటువైపు వచ్చి చాలా రోజులైంది. రిలీజు, ప్రొడక్షన్ సపోర్టు, అవి కాగానే అప్రైజళ్ళు... మీకు తెలియనివేం కాదు. ఈ టపా కూడా ఒక ఎక్సెల్ షీటు పుణ్యమే. ఆ షీటు సంగతి చివర్లో చెప్తాను. ముందు నా పిచ్చి గురించి చెప్పాలి.

నా దగ్గర ఒక చిన్న మాడ్యులర్ సింథసైజర్ ఉంది. సింథసైజర్ అనగానే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కనిపించే కీబోర్డు గుర్తొస్తుంది కదా. అది కాదిది. మామూలు సింథసైజర్లో వైరింగంతా లోపలే అయిపోయి ఉంటుంది. మాడ్యులర్లో ఒక్కో పనికీ ఒక్కో పలక. ఒకటి శబ్దాన్ని పుట్టిస్తుంది, దాన్ని ఆసిలేటర్ అంటారు. ఒకటి ఆ శబ్దాన్ని వడగడుతుంది, అది ఫిల్టర్. ఒకటి గట్టిదనం చూసుకుంటుంది, అది యాంప్లిఫయర్. ఆ గట్టిదనం ఎంత తొందరగా లేవాలో, ఎంత నిదానంగా పడాలో చెప్పేది ఎన్వలప్. మనం కేబుళ్ళతో వీటిని కలిపితేనే సంగీతం. కలపకపోతే లైట్లు వెలుగుతాయంతే. మా అమ్మ మొదటిసారి చూసి "ఏంట్రా ఇది, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలా ఉంది" అంది. తప్పేం కాదు :)

నేను చదివింది ఈసీఈ. ల్యాబులో ఫంక్షన్ జనరేటర్, సీఆర్వో పెట్టుకుని సైన్ వేవ్ చూసినప్పటి సంతోషం ఆ తర్వాత ఏ కోడింగులోనూ దొరకలేదు. నాలుగు నెలలు మ్యూనిక్ ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు అక్కడి టీంలో ఒకాయన ఇంట్లో ఈ సరంజామా చూశాను. అంతే, వచ్చేటప్పుడు సూట్‌కేసులో చాక్లెట్లకి బదులు నాలుగు సెకండ్ హ్యాండ్ మాడ్యూళ్ళు. ఇంట్లో పడ్డ అక్షింతల గురించి ఇంకో టపాలో.

ఆ నాలుగింటి మీదా నంబర్లున్నాయి. ఏ-110-1, ఏ-120, ఏ-131, ఏ-140-1. ఇవి మ్యూనిక్ పక్కనే గ్రేఫెల్‌ఫింగ్‌లో ఉండే డీటర్ డోప్ఫర్ కంపెనీవి. 1995లో ఆయన మొదలుపెట్టిన ఏ-100 వరసే తర్వాత యూరోరాక్ అనే ప్రమాణానికి పునాది అయింది. నంబర్లు చూడగానే నాలోని ఇంజనీరుకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అవి ఊరికే వేసినవి కావు. 110లలో శబ్దాన్ని పుట్టించేవి. 120లలో ఫిల్టర్లు. 130లలో యాంప్లిఫయర్లు, మిక్సర్లు. 140లలో ఎన్వలప్పులు, నెమ్మదిగా ఊగే ఎల్ఎఫ్ఓలు. 150లలో స్విచ్చులు, సీక్వెన్సరు. 160లలో క్లాకులూ ట్రిగ్గర్లూ. ఐపీ అడ్రసులు రేంజులుగా పంచినట్టు ఎంత ముచ్చటగా ఉందో!

ఈ ఆలోచన డోప్ఫర్ కంటే ముందే ఉంది. 1970ల చివర్లో రోలాండ్ కంపెనీ సిస్టమ్ 100ఎం అని ఒకటి తెచ్చింది. అందులో 112 రెండు ఆసిలేటర్ల పలక, 121 రెండు ఫిల్టర్లు, 130 రెండు యాంప్లిఫయర్లు, 140 రెండు ఎన్వలప్పులు, 182 సీక్వెన్సరు, 190లో మాడ్యూళ్ళు బిగించే ర్యాకు. రెండో అంకె చూస్తే పని తెలిసిపోతుంది. మరి 110? అందులో ఆసిలేటర్, ఫిల్టర్, యాంప్లిఫయర్ మూడూ ఉన్నాయి! మూడు గదుల్లో ఉండాల్సినవాడిని మొదటి గదిలో పడుకోబెట్టారన్నమాట. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

అక్కణ్ణుంచి నాకు కుతూహలం మొదలైంది. అసలు ఈ నంబర్లు ఎవరు ఎలా వేశారు అని తవ్వుతూ పోయాను.

అమెరికాలో 1964లో మొదలుపెట్టిన బాబ్ మోగ్ గారివి 900 నంబర్లు. 901 ఆసిలేటర్, 902 యాంప్లిఫయర్, 903 నాయిస్, 904 ఫిల్టర్, 905 రివర్బ్. గదులూ గిదులూ లేవు, వరసపెట్టి పోయినట్టు ఉంటాయి. తర్వాత ఎన్వలప్పుకి 911, సీక్వెన్సరుకి 960. ఆసిలేటర్ని బాగుచేసి మళ్ళీ తెచ్చినప్పుడు దానికి 921 అని ఇచ్చారు. 901 వెర్షన్ టూ అనలేదు. ఇక నంబరు పక్కన అక్షరాలు చూస్తే మన వేరియబుల్ పేర్లే నయమనిపిస్తుంది. 904ఏ అంటే కింది ధ్వనుల్ని వదిలే ఫిల్టరు, 904బీ అంటే పైవాటిని వదిలేది. సరే, జంట అనుకుందాం. 901ఏ అంటే కంట్రోలరు, 901బీ అంటే దాని మాట విని మోగే ఆసిలేటర్. అంటే ఇక్కడ అక్షరం యజమాని, పనివాడు తేడా చెప్తోంది. 911 ఎన్వలప్ కాబట్టి 911ఏ ఇంకో రకం ఎన్వలప్ అనుకుంటామా, కాదు. అది ట్రిగ్గర్ని కాసేపు ఆపి వదిలే డిలే. ఒకే అక్షరానికి మూడు అర్థాలు! అయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. వెండీ కార్లోస్ 1968లో బాఖ్ సంగీతాన్ని మోగ్ మాడ్యులర్ మీద వాయించి రికార్డు తెస్తే ప్రపంచమంతా విన్నది. 1969లో డేవిడ్ ట్యూడర్ మన అహ్మదాబాద్ ఎన్ఐడీలోనూ ఒక మోగ్ మాడ్యులర్ పెట్టించాడు. గీతా సారాభాయ్ లాంటివాళ్ళు అప్పుడు దాని మీద చేసిన టేపులు 2023లో సంకలనంగా బయటికొచ్చాయి. వినండి. 1970 ప్రాంతంలో మన దేశంలో ఇలాంటివి చేశారా అని నోరు తెరుస్తారు.

అదే 1960ల్లో ఇంకో ఒడ్డున, శాన్ ఫ్రాన్సిస్కోలో, డాన్ బుక్లా అనే ఆయన తన దారిలో తను చేసుకుంటున్నాడు. ఆయన మొదటి వరస 100, రెండోది 200. ఈ రెండోదానిలో పద్ధతి లీలగా కనిపిస్తుంది. 245, 246, 248 సీక్వెన్సర్లు. 258, 259 ఆసిలేటర్లు. 265, 266 యాదృచ్ఛిక వోల్టేజీలు ఇచ్చేవి. 266 పేరైతే "అనిశ్చితికి మూలం" అని అర్థం వచ్చేలా పెట్టాడు, మా మేనేజరుకి పెట్టాల్సిన పేరు :) 280, 281 ఎన్వలప్ పనులు చేసేవి. 291, 292, 296 వడగట్టేవి. 2004లో ఆయన 200ఈ అని కొత్త వరస తెచ్చినప్పుడు పాత నంబర్లకే ఈ తగిలించాడు. 259 పోయి 259ఈ వచ్చింది. లోపల సర్క్యూటు చాలా మారింది, నంబరు మాత్రం ఉండిపోయింది. మోగ్ దగ్గర కొత్త ఆసిలేటర్‌కి కొత్త నంబరు, ఇక్కడ కొత్తదానికీ పాత నంబరే. ఒకరికి నంబరంటే వస్తువు, ఇంకొకరికి నంబరంటే ఉద్యోగం. మన భాషలో చెప్పాలంటే ఒకటి ఇంప్లిమెంటేషన్, ఇంకోటి ఇంటర్‌ఫేస్.

బుక్లా ఇంకో పని కూడా చేశాడు. శబ్దం వెళ్ళే తీగకి ఒక రకం జాకు, నియంత్రించే వోల్టేజీ వెళ్ళే తీగకి ఇంకో రకం జాకు పెట్టాడు. దీనిది దానిలో దూరదు. స్ట్రాంగ్ టైపింగ్ అన్నమాట. మోగ్ దగ్గర ఆ రెండూ ఒకే రకం జాకులో దూరిపోతాయి. ఎందుకంటే లోపల ఉన్నది రెండిట్లోనూ వోల్టేజీయే.

కథంతా ఇక్కడే ఉంది. ఒక వోల్టేజీ సెకనుకి 440 సార్లు ఊగితే మనకి స్వరంగా వినిపిస్తుంది. సెకనుకి రెండుసార్లే ఊగితే వినపడదు, కానీ దాన్ని ఇంకో ఆసిలేటరుకి ఇస్తే ఆ స్వరం గమకంలా ఊగుతుంది. మొదటిదాన్ని ఆసిలేటర్ అన్నాం, రెండోదాన్ని ఎల్ఎఫ్ఓ అన్నాం. వస్తువు ఒకటే, వేగం తేడా. బుక్లా 281 ఎన్వలప్ పలకే. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా స్విచ్చు పెడితే అదే ఎల్ఎఫ్ఓ. నా ఏ-120 ఫిల్టరే. రెజొనెన్స్ నాబు చివరిదాకా తిప్పితే లోపలికి ఏమీ పంపకపోయినా తనే సైన్ వేవ్‌తో మోగుతుంది. అప్పుడది ఏ గదిది? 292 అయితే ఫిల్టరూ యాంప్లిఫయరూ కలగలిసినది. గట్టిదనం తగ్గుతుంటే పై ధ్వనులు కూడా తగ్గిపోతాయి, చెక్క మీద తట్టిన చప్పుడులా వస్తుంది. బయట వస్తువులు కూడా అలాగే కదా చప్పుడు చేసేది. తబలా వాయించేటప్పుడు ఫిల్టరు వేరు, వాల్యూము వేరు అని ఎవరూ విడదీయరు.

ఇది బాగా అర్థమైన మనిషి సెర్జ్ చెరెప్నిన్. 1970ల మొదట్లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో పాఠాలు చెబుతూ, తక్కువ ఖర్చులో అందరికీ అందేలా సింథసైజర్ చెయ్యాలని పూనుకున్నాడు. ఆయన పలకలకి నంబర్ల గదులు లేవు. ఒకదాని పేరు డ్యూయల్ యూనివర్సల్ స్లోప్ జనరేటర్. వోల్టేజీ ఎంత వేగంగా ఎక్కాలో ఎంత వేగంగా దిగాలో చెప్తుంది, దానికి తెలిసిన విద్య అదొక్కటే. కానీ తీగ ఎక్కడ గుచ్చారన్నదాన్ని బట్టి అది ఎన్వలప్, ఎల్ఎఫ్ఓ, ఆసిలేటర్, స్వరం నుంచి స్వరానికి జారించే పోర్టమెంటో, బయటి శబ్దం గట్టిదనాన్ని పసిగట్టేది, ఇన్ని అవుతుంది. ఆయన దాన్ని ఏం చేస్తుందో దాంతో పిలవలేదు, ఏమిటో దాంతో పిలిచాడు. 2009లో మేక్ నాయిస్ వాళ్ళు తెచ్చిన మాథ్స్ అనే మాడ్యూలు ఈ స్లోప్ జనరేటరుకీ, బుక్లా 281కీ వారసురాలు. ఇప్పుడు యూరోరాక్ వాడేవాళ్ళలో దాని పేరు తెలియనివాళ్ళు అరుదు. దానికీ నంబరు లేదు.

సరే, మరి డోప్ఫర్ గదులు ఏమయ్యాయి? నిండిపోయాయి! ఒక్కో రకానికి పదే నంబర్లు. 120 నుంచి 129 దాకా ఫిల్టర్లతో నిండాక, ఇంకా ఫిల్టర్లు వస్తూనే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకెళ్ళి ఏ-101 నుంచి ఏ-108 దాకా సర్దారు. పాత వీసీఎస్3 పద్ధతి ఫిల్టరు ఏ-102, టీబీ-303 పద్ధతిది ఏ-103. అద్దె ఇల్లు చాలక పక్క వీధిలో ఇంకో పోర్షను తీసుకున్నట్టు. అది కూడా చాలనప్పుడు డాషులు. ఏ-111-5 చూస్తే ఆసిలేటర్, ఫిల్టర్, యాంప్లిఫయర్, ఎన్వలప్ అన్నీ ఉన్న పూర్తి సింథసైజరు, ఉన్నది మాత్రం ఆసిలేటర్ల గదిలో. రోలాండ్ 110 గుర్తొచ్చిందా? ఏ-143-9 ఎల్ఎఫ్ఓగానూ ఆసిలేటర్‌గానూ పనిచేస్తుంది, 140లలో ఉంది. ఇక 190లైతే మన ఇళ్ళలో అటక. మిడి ఇంటర్‌ఫేస్ అక్కడే, మీటరు అక్కడే, వేలితో రాసే రిబ్బను అక్కడే, స్ప్రింగు రివర్బూ అక్కడే.

నా ఏ-110-1 మీద ఆ డాష్ ఒకటి ఎందుకుందో చాలా రోజులు ఆలోచించాను. మొదట్లో అది ఉత్త ఏ-110. ఏ-110-2 వచ్చాక ఇది ఏ-110-1 అయింది. ఇంట్లో ఒక్కడే ఉన్నంతకాలం "అబ్బాయి". రెండోవాడు పుట్టిన రోజు నుంచీ "పెద్దబ్బాయి". వాడిలో ఏ మార్పూ లేదు, పక్కకి ఒకడు వచ్చాడంతే.

ఇక్కడ నాకు మా అక్క సంగీతం క్లాసు గుర్తొచ్చింది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలకీ నంబర్లున్నాయి కదా, 17వ శతాబ్దంలో వెంకటమఖి వేసిన లెక్క. కటపయాది సూత్రంతో పేరులోనే నంబరు దాచారు. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, తిప్పి చదివితే 29. మాయామాళవగౌళ 15, మేచకళ్యాణి 65. నంబరు తెలిస్తే చాలు, ఏ స్వరాలో లెక్కగట్టి చెప్పొచ్చు. ఆ నంబర్లు ఇన్ని వందల ఏళ్ళయినా పగల్లేదెందుకు? డోప్ఫర్‌వి పాతికేళ్ళలోనే డాషుల పాలయ్యాయెందుకు?

నాకు తోచిన జవాబు ఇది. మేళకర్తలు మూసిన పెట్టె. రిషభ గాంధారాలకి ఆరు జతలు, దైవత నిషాదాలకి ఆరు, మధ్యమాలు రెండు. ఆరారుల ముప్పై ఆరు, ఇంటూ రెండు 72. 73వది పుట్టదు. అలాంటిచోట నంబరుకి అర్థం పెట్టొచ్చు. కానీ రేపు ఎవరు ఏం కనిపెడతారో తెలియని చోట, ఈ రోజు తెలిసిన రకాల్ని బట్టి గదులు కట్టి, నంబరులో అర్థం కూరితే, రేపు ఆ నంబరు అబద్ధం చెప్తుంది. డోప్ఫర్ గారిని తప్పు పట్టడం లేదు. ఆయన చాలా మర్యాదగా ఒక పని చేశారు. గదులు నిండాయని పాతవాటి నంబర్లు మార్చలేదు. నా ఏ-120 ఇవాళ కొన్నా ఏ-120యే. అర్థం చెదిరినా గుర్తు చెదరలేదు.

ఇప్పుడు షీటు సంగతి.

మా కంపెనీలో ప్రతి మనిషికీ ఒక స్కిల్ కోడ్ ఉంటుంది. ప్రైమరీ స్కిల్ అని డ్రాప్‌డౌన్. ఒకటే ఎంచుకోవాలి. ఏటా లీడ్లు తమ టీం షీటు చూసి సరిగా ఉందో లేదో చెప్పాలి. పోయినేడు నాకు పద్నాలుగు వరసలొచ్చాయి. శుక్రవారం సాయంత్రం. పాతవి ఉన్నవి ఉన్నట్టు ఉంచి "వెరిఫైడ్" అని కొట్టి పంపించేశాను.

అందులో ఒకమ్మాయి కోడ్ మాన్యువల్ టెస్టింగ్. చేరినప్పుడు ఆ బ్యాచ్‌లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేశారు, అలా వచ్చిన కోడ్. రెండేళ్ళుగా మా టీంలో పైథాన్ స్క్రిప్టులన్నీ ఆ అమ్మాయివే. రాత్రి జాబులు పడిపోతే లాగుల్లోంచి కారణం లాగే టూల్ ఆ అమ్మాయి రాసిందే. నేను దాన్ని రోజూ వాడతాను. ఈ మధ్య ఒక ఆటోమేషన్ ప్రాజెక్టుకి మనుషులు కావాలని కోడ్ పెట్టి జల్లెడ పట్టారు. ఆ అమ్మాయి పేరు రాలేదు. ఎంపికైన నలుగురిలో ఇద్దరు మొన్నటిదాకా ఆ అమ్మాయి దగ్గర సందేహాలు అడిగినవాళ్ళే.

నా సీటు దగ్గరికొచ్చి "అన్నా, నా కోడ్ ఏమని ఉంది?" అని అడిగింది. చెప్పాను. "పోయినేడు మీరే కదా వెరిఫై చేసింది?" అంది. కోపంగా కూడా అనలేదు. అంటే బాగుండేది.

మేనేజరుకి ఆ సాయంత్రమే మెయిల్ కొట్టాను. సీట్లు అయిపోయాయని జవాబొచ్చింది. ఇంటికొచ్చి ఆ రాత్రి ఏ-120 నాబు చివరిదాకా తిప్పి, లోపలికి ఏమీ పెట్టకుండా, అది తనంతట తను మోగుతుంటే వింటూ కూర్చున్నాను. పలక మీద ఫిల్టరు అని రాసి ఉంది.

నాదీ అదే కథ కదా అనుకున్నాను. ఈసీఈ చదివినవాడిని, మొదటి ప్రాజెక్టు జావా కాబట్టి ఏడేళ్ళుగా నా కోడ్ జావా. నా మీద వేసిన చీటీ నాకు చిరాకే. అదే చీటీ ఇంకొకరి మీద ఉంటే చదవకుండా సంతకం పెట్టాను.

డ్రాప్‌డౌన్ నేను మార్చలేను. వేల మంది ఉన్నచోట ఏదో ఒక కోడ్ లేకుండా జరగదని కూడా తెలుసు. కోడ్ ఉండడం తప్పు కాదు. కోడ్ చూసి మనిషి తెలిసిపోయాడనుకోవడం తప్పు. సింథసైజర్ ముందు కూర్చున్నవాడెవడూ పలక మీద పేరు చదివి ఊరుకోడు. తీగ గుచ్చి చూస్తాడు.

ఈ ఏడాది షీటు మళ్ళీ వచ్చింది. సోమవారం లోపు పంపాలి. ఈసారి పద్నాలుగు మందితోనూ పావుగంట చొప్పున కూర్చుని "అసలు ఈ ఏడాది నువ్వేం చేశావు?" అని అడిగాను. ఆరుగురి కోడ్లు మారాయి. చివర్లో రిమార్క్స్ అని ఒక కాలమ్ ఉంటుంది, ఎవరూ నింపరు. అందరికీ నింపాను. ఎవరైనా చదువుతారా అంటే నమ్మకం లేదు. ఆ అమ్మాయి వరసలో కోడ్ మార్చి, కింద ఆ టూల్ గురించి నాలుగు లైన్లు రాసి, పంపేముందు తనకే చూపించాను. చదివి, ఒక చోట నేను తప్పు రాసిన లైబ్రరీ పేరు సరిచేసింది. "థాంక్స్ అన్నా" అంది. పోయిన ప్రాజెక్టు మాత్రం పోయినట్టే.

మీ దగ్గరికీ ఇలాంటి షీట్లు వస్తుంటాయిగా. శుక్రవారం సాయంత్రం మాత్రం నింపకండి.

ఉంటా మరి. ఏ-110-1కి తమ్ముణ్ణి తేవాలని చూస్తున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు :)